సబీనా చదివిన ముగింపు

ఫెర్న్‌బీ హౌస్‌లో సాయంత్రం టీ కప్పులు తీసేశాక ఆడవాళ్ళ వైపు ముందు గదిలో చదువు సాగేది. డాక్టరు హెస్లాప్ భార్య నెలనెలా తెప్పించుకునే కథల పత్రిక, ఆవిడ చదవడం పూర్తయ్యాక, అంచులు నలిగి ఇవతలికి వచ్చేది. దాన్ని అందరికీ బిగ్గరగా చదివి వినిపించే పని సబీనా థ్వైట్‌ది. గొంతు బాగుంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది, పైగా మధ్యలో ఏడవదు.

ఊళ్ళకి దూరంగా, యార్క్‌షైర్ బీడు భూముల మధ్య ఉన్న ఇల్లది. బయటినుంచి చూస్తే ఎవరో పెద్దమనిషి కట్టించుకున్న తోట బంగళా అనుకుంటారు. కిటికీలు అరచెయ్యి దూరేంత మేరే తెరుచుకుంటాయని, భోజనాల బల్ల మీది కత్తులకి పదును లేదని లోపలికి వచ్చాకే తెలుస్తుంది. కలవారి ఇళ్ళ ఆడవాళ్ళని, మతి సరిగా లేదని ఇద్దరు డాక్టర్లు సంతకాలు పెట్టాక, ఇక్కడ ఉంచేవారు. కొందరు కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవారు. కొందరిని తెచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చేవారు కాదు.

సబీనాకి మతి తప్పిన మాట నిజమే. ఆ సంగతి ఆమె దాచుకునేదీ కాదు. బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని మిల్లు యజమాని జాబెజ్ థ్వైట్‌ని పెళ్ళాడింది. తొలిచూలు పిల్లవాడు పళ్ళు రాకముందే గొంతువాపుతో పోయాడు. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. ఒక తెల్లవారుజామున రాత్రి గౌనుతోనే, కాళ్ళకి ఏమీ లేకుండా, కొండవైపు నడిచి వెళ్ళిపోతే మిల్లు కూలీలు పట్టుకుని ఇంటికి తెచ్చారు. అత్తగారు గదిలో పెట్టి తాళం వేస్తే కిటికీ అద్దం పగలగొట్టింది. మర్నాడు ఇద్దరు డాక్టర్లు వచ్చి, వానల గురించి కాసేపు మాట్లాడి, కింద హాల్లో సంతకాలు పెట్టి వెళ్ళారు.

ఇక్కడికి వచ్చిన కొత్త రోజులు ఆమెకి పొగమంచులో చూసినట్టు గుర్తు. ఒక వసంతకాలం ఉదయం వంటింట్లో రొట్టె మాడిన వాసన వచ్చింది. 'రొట్టె కాల్చడం కూడా చేతకాదా వీళ్ళకి!' అని ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. అలా చిర్రెత్తుకొచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది. ఎన్నాళ్ళుగానో మాడిందీ, మంచిదీ, అన్నీ ఒకటే రుచి. పొగ విడిపోయిందని ఆ క్షణాన ఆమెకి తెలిసింది. ఆ సంగతి ఇంకెవరికీ తెలియలేదు.

జాబెజ్ ఈస్టర్‌కీ, మళ్ళీ చలికాలం ముందూ వచ్చి చూసి వెళ్ళేవాడు. బుట్టలో పియర్ పళ్ళు తెచ్చేవాడు. టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్ని ధర గురించి చెప్పేవాడు.

"నాకు నయమైంది. ఇంటికొస్తాను" అనేది సబీనా.

"చూద్దాం. డాక్టరుగారు ఏమంటారో" అనేవాడతను.

డాక్టరు హెస్లాప్‌ని అడిగితే గడ్డం నిమురుకుంటూ, "చూద్దాం. మీవారు ఏమంటారో" అనేవాడు.

ఈ రెండు 'చూద్దాం'ల మధ్య ఏళ్ళు దొర్లిపోయాయి.

ఒక సంవత్సరం ఆ పత్రికలో ఒక కొత్త నవల మొదలైంది. రాసినవారి పేరు లేదు, 'ఒక మహిళ' అని మాత్రం ఉంది. అందులో ఒక మిల్లు యజమాని, చాలా మంచివాడు. అతని భార్య లూక్రీషియాకి పిచ్చి. మేడ మీద ఒక గదిలో ఉంటుంది. కింద అతని మేనమామ కూతురు, బంగారంలాంటి పిల్ల, పియానో వాయిస్తూ ఉంటుంది.

ముందు గదిలో అందరికీ ఆ కథ పిచ్చపిచ్చగా నచ్చింది. పాదరీ భార్య మిసెస్ వీల్ ఎప్పుడూ అల్లిక పనితో కూర్చుని, సూదితో పొడిచినట్టు మాట్లాడేది. "మొగుడు మంచివాడు, మంచివాడు అని ఇన్నిసార్లు రాసిందంటే ఎక్కడో తేడా ఉంది. మంచివాణ్ణి మంచివాడని ఒకసారి చెబితే చాలదూ?" అంది. అందరూ నవ్వారు. మూలన కాపలా కూర్చున్న డోర్కస్ కూడా నవ్వింది. డోర్కస్ అక్కడి పనిమనిషి, తాళంచెవుల గుత్తి ఆమె నడుముకే ఉండేది. చదువు రాదు. అందుకే కథలంటే ప్రాణం.

మిస్ ఆర్ఫా లైల్ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ ఇంట్లో అందరికంటే పాతది. పడుచుతనంలో నిశ్చితార్థం చెడిపోయి, తిండి మానేసి పడుకుంటే అన్నగారు తీసుకొచ్చి వదిలాడు. ఇప్పుడు జుట్టు తెల్లటి దూది. కథ ఆగిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "మిసెస్ థ్వైట్, మేడ మీది ఆవిడ బయటికి వస్తుందంటారా?"

"తెలీదమ్మా. వచ్చే నెల చూద్దాం" అనేది సబీనా. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆమెకే ఒళ్ళు మండేది.

చలికాలం మొదట్లో వచ్చిన భాగంలో లూక్రీషియా ఎలా పిచ్చిదైందో ఉంది. బిడ్డ పోయాక ఆమె రోజూ సాయంత్రం ఆ బిడ్డ బూట్లు తెచ్చి పొయ్యి దగ్గర వెచ్చబెట్టేది, వెచ్చబడ్డాక తిరగేసి పెట్టేది, ఎవరైనా కదిపితే కత్తెర ఎత్తేది, అని రాసి ఉంది.

సబీనా చదవడం ఆపేసింది. కాగితం మీద అక్షరాలు అలికినట్టయ్యాయి.

బూట్లు వెచ్చబెట్టింది తనే. బూడిదరంగు ఉన్ని బూట్లు. వాటిని తిరగేసి పెట్టేదాన్నని ఆమె లోకంలో ఒకే ఒక్క మనిషికి చెప్పింది. లెటీషియా పిమ్‌కి. చిన్నప్పుడు రిపన్ బడిలో ఒకే మంచం మీద పడుకున్న స్నేహితురాలు. బిడ్డ పోయినప్పుడు వచ్చి కొన్నాళ్ళు తోడుంది. ఫెర్న్‌బీ హౌస్‌కి మాత్రం ఒక్కసారీ రాలేదు.

"ఏమ్మా, గొంతు ఆరిందా? నీళ్ళు తేనా?" అంది డోర్కస్.

"వద్దు" అని సబీనా మిగతాది చదివేసింది. కత్తెర మాట వచ్చిన చోట గబగబా దాటేసింది. తను ఏనాడూ కత్తెర ఎత్తలేదు.

గదికి వెళ్ళాక కోపం ముంచుకొచ్చింది. లెటీ తన కడుపుకోతని పట్టుకెళ్ళి బజార్లో పెట్టింది. పైగా చేతికి కత్తెరొకటి ఇచ్చింది. కానీ ఆ కోపం అడుగున ఇంకేదో ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి ఆమెకి సిగ్గేసింది. ఇన్నేళ్ళలో జాబెజ్ ఆ బూట్ల ఊసెత్తలేదు. పిల్లవాడి పేరు కూడా ఎత్తలేదు. బయట లోకంలో ఒక మనిషికి ఆ బూట్లు ఇంకా గుర్తున్నాయి. అది తలుచుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు హాయిగానే ఉంది.

క్రిస్మస్ వెళ్ళాక లెటీయే వచ్చింది.

చూడవచ్చినవాళ్ళ గదిలో పొయ్యి పక్కన రెండు కుర్చీలు వేశారు. డోర్కస్ కిటికీ దగ్గర మేజోడు అల్లుతూ కూర్చుంది. లెటీ లావెక్కింది. వేళ్ళకి సిరా మరకలు. లోపలికి రాగానే కుర్చీని కాస్త తలుపు వైపు జరుపుకుని మరీ కూర్చుంది.

"ఎలా ఉన్నావే బీనా?"

"బాగున్నాను. నువ్వు?"

"ఏదో ఇలా ఉన్నాను. అమ్మ మంచం పట్టింది. తమ్ముళ్ళిద్దరి చదువులూ నా నెత్తినే." లెటీ గది నలుమూలలా చూస్తోంది. కిటికీ గొళ్ళెం, పొయ్యికి వేసిన ఇనప జాలీ, డోర్కస్ నడుము దగ్గరి తాళాలు. దుకాణంలో సరుకు చూసినట్టు ఒక్కొక్కటీ చూసింది. "ఇక్కడ... రాత్రిళ్ళు అరుపులవీ ఉంటాయా?"

"మిసెస్ వీల్ గురక పెడుతుంది. కావాలంటే రాసుకో."

లెటీ ముఖం కందగడ్డలా అయింది. "నీకు తెలిసిపోయిందా?"

"నేనే చదివి వినిపిస్తున్నానే అందరికీ. నీ కథకి నేనే గొంతు. బూట్ల దగ్గర ఆగిపోయాను, అంతే."

లెటీ సిరా మరకల వేళ్ళు ఒళ్ళో దాచుకుంది.

"నిన్ను ఉద్దేశించి రాయలేదే. ఒట్టు. ఆ బూట్లు నా బుర్రలోంచి పోలేదు, అంతే. ఏడుస్తూనే రాశాను."

"కత్తెర కూడా ఏడుస్తూనే రాశావా?"

"అది... లేకపోతే ఎవరు చదువుతారు? ఊరికే కూర్చుని బాధపడే మనిషిని ఎన్ని నెలలని చదువుతారు చెప్పు?"

సబీనా వంగి పొయ్యి వైపు చూస్తూ అడిగింది. "చివరికి ఏమవుతుంది దానికి?"

"పోతుంది. మిల్లు చెరువులో పడి. రాయడం ఒకటే మిగిలింది."

"ఎందుకు పోవాలి?"

"పోకపోతే అతను ఆ పిల్లని ఎలా చేసుకుంటాడు? పెళ్ళాం బతికుండగా!"

"అతనికి పెళ్ళి కావాలని దాన్ని చంపుతున్నావా?"

"కథ అన్నాక ఏదో ఒకటి అవ్వాలి కదే! మేడ మీద ఊరికే అలా ఉండిపోయిందని రాస్తే ఎవరూ ఒప్పుకోరు."

"మేం ఉండిపోయాం కదా" అంది సబీనా.

లెటీ తలుపు వైపు ఓసారి చూసి, నవ్వు తెచ్చుకుని, "ఊరుకోవే పిచ్చిదానా..." అంది.

చిన్నప్పుడు రోజుకి పదిసార్లు ఒకరినొకరు అనుకున్న మాటే అది. ఈసారి అది ఇద్దరి మధ్యా పడి అక్కడే ఉండిపోయింది. డోర్కస్ అల్లిక సూదులు ఆగాయి.

"లెటీ, నేను నీ మీద కోపం పెట్టుకుని కూర్చోలేదు" అంది సబీనా మెల్లగా. "నాకు బాగైంది. ఎప్పుడో బాగైంది. వసంతంలో లండన్ నుంచి తనిఖీ కమిషనర్లు వస్తారు. నన్ను ఎవరైనా తీసుకెళ్తామంటే వాళ్ళు వింటారు. మీ ఇంట్లో ఏ మూలనైనా పడుంటాను. మీ అమ్మకి చాకిరీ చేస్తాను."

లెటీ గౌను మడతలు సర్దుకుంటూ ఉండిపోయింది. ఆమె టోపీ రిబ్బను ముడి జారి భుజం మీద వేలాడుతోంది. చిన్నప్పటి అలవాటు కొద్దీ సబీనా లేచి దాన్ని ముడివేయబోయింది.

లెటీ ఒక్క ఉదుటున కుర్చీతో సహా వెనక్కి జరిగింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం వచ్చాయి.

సబీనా చెయ్యి గాలిలోనే ఆగింది. లెటీ తను రాసిన కత్తెరని తనే నమ్మింది. సబీనా చేతిలో అది ఉందేమోనని చూసింది. ఆ సంగతి లెటీకీ తెలిసింది, సిగ్గుతో కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"క్షమించవే. ఊరికే... ఉలిక్కిపడ్డాను."

"ఏం పర్లేదు. రిబ్బను జారింది, కట్టుకో" అని సబీనా తిరిగి కూర్చుంది.

లెటీ వెళ్ళాక డోర్కస్ కుర్చీలు సర్దుతూ గొణిగింది. "ఇంత బతుకూ ఇక్కడే బతికాను, రిబ్బను చూసి జడుసుకున్న మనిషిని ఇదే చూడ్డం. ఈ ఇంట్లో ఉండాల్సింది ఆవిడే." సబీనాని నవ్వించాలనే అంది. సబీనా నవ్వలేదు. నవలలో చేతికి కత్తెర ఇచ్చినప్పుడు కూడా ఆమెకి ఇంత ఒంటరితనం అనిపించలేదు.

ఆఖరి భాగం మంచు కరిగే రోజుల్లో వచ్చింది. ఆ మధ్యాహ్నమే డాక్టరు హెస్లాప్ నడవలో ఆగి, "కమిషనర్లకి మీ గురించి మంచిగానే రాస్తున్నాను, మిసెస్ థ్వైట్. నిలకడగా ఉన్నారు. చాలా సంతోషం" అన్నాడు. ఇన్నేళ్ళలో 'చూద్దాం' కాని మాట అదే.

టీ అయ్యాక అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. మిస్ లైల్ మంచి శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుంది.

సబీనా చదవడం మొదలుపెట్టింది. మేనమామ కూతురు పియానో, మొగుడి నిట్టూర్పులు, వసంతంలో పూసిన పూలు. మెల్లగా కథ మేడ ఎక్కింది. పేజీ తిప్పేసరికి కింద ఏం రాసుందో ఆమె కంటికి ఆనింది. తలుపు తీసి ఉండడం, చెరువు, నీటి మీద తేలే తెల్ల గౌను, ఒడ్డున మోకాళ్ళ మీద మొగుడు, 'దేవుడు కరుణించాడు' అనే మాట.

తలెత్తి చూసింది. మిస్ లైల్ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, పెదాలు కొంచెం తెరిచి, తనవైపే చూస్తోంది.

సబీనా మళ్ళీ పత్రికలోకి తల వంచింది. గొంతు మార్చకుండా చదివింది.

"ఆ ఉదయం లూక్రీషియా నిద్ర లేచి జడ వేసుకుంది. నీలం టోపీ పెట్టుకుని, చేతులకి గ్లవుజులు తొడుక్కుంది. మెట్లు దిగి కిందికొచ్చింది. హాల్లో ఎవరూ లేరు. ముందు తలుపు గొళ్ళెం తీసింది. తలుపు తెరుచుకుంది. బయట ఎండగా ఉంది..."

ఆ పేజీలో అలాంటి మాట ఒక్కటీ లేదు. ఆమె కళ్ళు మాత్రం వరసల వెంట నడుస్తున్నాయి, అచ్చం చదువుతున్నట్టే. పేజీ అయిపోయేచోట తిప్పింది. లూక్రీషియా రోడ్డెక్కింది. పాలబండివాడు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. రైలెక్కింది. పెట్టెలో ఎదురుగా కూర్చున్న ముసలావిడ సగం ఆపిల్ పండు కోసి ఇచ్చింది. రైలు సముద్రం ఒడ్డున ఆగింది. అక్కడ ఒక గది. ఆ గదికి గొళ్ళెం లోపలివైపు ఉంది.

"అంతే, అయిపోయింది" అని సబీనా పత్రిక మూసేసింది.

 మిసెస్ వీల్ అల్లిక ఒళ్ళో పడేసి, "మరి మొగుడో?" అంది.

"అతని గురించి ఏమీ రాయలేదు."

"అదీ కథంటే!" అంది మిసెస్ వీల్.

మిస్ లైల్ లేచి వచ్చి సబీనా చెంప మీద ముద్దు పెట్టింది. ఆ పెదాలు ఎండుటాకుల్లా ఉన్నాయి.

సంగతి మర్నాడే బయటపడింది. డాక్టరు భార్య గదిలో పొయ్యి రాజేస్తూ డోర్కస్, "కథ భలే అయిందమ్మగారూ. ఆ మేడ మీదావిడ టోపీ పెట్టుకుని ఎంచక్కా రైలెక్కి పోయింది" అంది.

"రైలేమిటే! చెరువులో పడి చచ్చిపోతేనూ!" అంది మిసెస్ హెస్లాప్.

సాయంత్రానికి డాక్టరు సబీనాని పిలిపించాడు. బల్ల మీద ఆ పత్రిక తెరిచి ఉంది. అతను కఠినుడు కాడు. కానీ తప్పు చేస్తానేమోనని ప్రతిదానికీ భయపడే మనిషి.

"మిసెస్ థ్వైట్, దాపరికం లేకుండా చెప్పండి. ఈ పేజీలో మీకు రైలు కనబడిందా?"

"లేదు డాక్టరుగారూ. చెరువే కనబడింది. నాకు నచ్చలేదు."

"అంటే తెలిసే అబద్ధం చదివారా?"

"కథంతా అబద్ధమే కదా. అందులో చివర నాదొకటి కలిపాను."

"ఎందుకు?"

"మిస్ లైల్ వింటోంది."

డాక్టరు కలం సిరాలో ముంచి, మళ్ళీ పక్కన పెట్టాడు. "లేనిది చూశానంటే జబ్బు అంటారు. ఉన్నదాన్ని మార్చి అందరినీ నమ్మించానంటే... దాన్ని కూడా మంచి లక్షణం అనరు. నన్నేం రాయమంటారు?"

"నిన్న ఏం రాద్దామనుకున్నారో అదే రాయండి."

"చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఆ మాట విన్నాక సబీనా లేచి వచ్చేసింది. అంతకంటే పెద్ద దెబ్బ మూడోనాడు తగిలింది. ఉదయం ఫలహారం కాగానే మిస్ లైల్ టోపీ పెట్టుకుని, గ్లవుజులు తొడుక్కుని, ముందు తలుపు దగ్గర నిలబడింది. చేతిలో చిన్న సంచి.

"డోర్కస్, తలుపు తీస్తావా? రైలుకి వేళవుతోంది" అంది ఎంతో మర్యాదగా.

డోర్కస్ మొదట నవ్వింది. మిస్ లైల్ కదలలేదు. భోజనాల వేళ దాకా అలా నిలబడే ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కసరలేదు, ఏడవలేదు. వాకిట్లో బండి ఆలస్యమైనట్టు నిలబడేది.

"చూశారా మీ పని!" అని డోర్కస్ సబీనా మీద విరుచుకుపడింది. "కాళ్ళు వాచిపోతున్నాయి ముసలిదానికి. చెరువులో పడిందని చదివితే ఓ పూట ఏడ్చి ఊరుకునేది కదా!"

 జాలిపడి సబీనా ఇచ్చింది ఆశే, కానీ దాంతో ఆ మనిషి కాళ్ళు వాచాయి. ఒక కుర్చీ తెచ్చి తలుపు దగ్గర వేసింది. మిస్ లైల్ కూర్చోనంది. అయితే నేనూ కూర్చోను అని సబీనా పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ తలుపుకేసి చూస్తూ ఉదయాలు గడిపారు. లెటీ ఒక్క పూట కూర్చుని రాసిందానికి, తను ఒక్క నిమిషంలో మార్చిందానికి, ఈవిడ తన బతుకంతా తెచ్చి తలుపు దగ్గర పెట్టింది అనుకుంది సబీనా.

ఒక ఉదయం డాక్టరు యార్క్ వెళ్ళాడు. డోర్కస్ వాళ్ళిద్దరినీ చూసి, పెద్దగా నిట్టూర్చి, తాళంచెవి తీసింది. "గేటు దాకా. అంతే. నా ఉద్యోగం ఊడగొట్టకండి తల్లుల్లారా."

తలుపు తెరుచుకుంది. ఎండ లేదు. బురద, గాలి, దూరాన గొర్రెల అరుపులు. మిస్ లైల్ సబీనా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ చూసి వేస్తూ గేటు దాకా నడిచింది. గేటు కమ్మీల్లోంచి రోడ్డు కనిపిస్తోంది. తడిసి, నల్లగా, రెండువైపులా ఖాళీగా ఉంది. ఆమె చాలాసేపు చూసింది.

"ఈ రోడ్డు ఎక్కడికి పోతుంది?"

"ఇటు యార్క్. అటు సముద్రం."

"మా అన్నయ్య యార్క్‌లోనే ఉండేవాడు. బతికున్నాడో లేదో." గాలికి ఆమె టోపీ పక్కకి ఒరిగింది. సబీనా సరిచేస్తే కదలకుండా నిలబడి చేయించుకుంది. తర్వాత, "చాలా చలిగా ఉంది, మిసెస్ థ్వైట్. లోపలికి పోదాం. టీకి మనకోసం చూస్తూ ఉంటారు" అంది.

ఆ తర్వాత ఆమె తలుపు దగ్గరికి రాలేదు. టోపీ పెట్టెలో పెట్టేసింది. సబీనా ఆ రాత్రి గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరికైనా వినబడితే జబ్బు తిరగబెట్టిందని మళ్ళీ రాసుకుంటారు.

కమిషనర్లు ఏప్రిల్‌లో వచ్చారు. ఒకాయన లాయరు, ఒకాయన ముసలి డాక్టరు. డాక్టరు హెస్లాప్ మంచీ చెడూ రెండూ రాసి పెట్టాడు. ముసలి డాక్టరు కళ్ళజోడు పైకి నెట్టి ఆ రైలు సంగతి చదివి, "నా భార్య ఆ నవల చివరి భాగం చదివి పత్రికని గదిలో అటు చివరికి విసిరికొట్టిందండీ. ఆవిణ్ణి కూడా ఇక్కడికి పంపమంటారా?" అన్నాడు. లాయరు నవ్వాడు. డాక్టరు హెస్లాప్ నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. వాళ్ళు సబీనాతో చాలాసేపు మాట్లాడారు, వేసవిలో మళ్ళీ వచ్చి ఇంకోసారి మాట్లాడారు. ఈవిణ్ణి ఇక ఇక్కడ ఉంచే పని లేదని చెప్పారు.

జాబెజ్ వచ్చాడు. ఈసారి పళ్ళ బుట్ట లేదు. టోపీ అంచు వేళ్ళ మధ్య తిప్పుతూ, "గది సిద్ధం చేయిస్తాను. అమ్మకి చెప్పాను" అన్నాడు.

"మీ అమ్మగారికి నేనంటే భయం. మీకూ భయమే."

అతను కాదనలేదు. నేలకేసి చూస్తూ, "నీకు కాదు సబీనా నేను భయపడింది. రోజూ మిల్లు నుంచి వచ్చేసరికి ఆ బూట్లు అక్కడుండేవి. వెచ్చగా. నేనూ వాడి తండ్రినే. చూడలేకపోయాను" అన్నాడు.

ఇన్నేళ్ళకి అతను ఆ మాట ఎత్తాడు. అప్పుడే ఎత్తి ఉంటే ఇద్దరూ ఒక పొయ్యి దగ్గరే కూర్చుని ఏడ్చేవారు. ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఆమె చేతులు ముందుకి రాలేదు.

"నన్ను విట్బీలో ఎక్కడైనా ఉంచండి. సముద్రం ఒడ్డున. మీ పేరు చెడేలా ఉండను."

"సరే" అన్నాడతను. మరీ తొందరగా అన్నాడు. అతని భుజాలు తేలికపడడం ఆమె కళ్ళారా చూసింది. తను కోరుకున్నది దొరికింది. అయినా గుండెలో ముల్లు దిగినట్టయింది.

బయల్దేరే రోజు మిస్ లైల్ మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. సబీనా ఆమె జుట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి వచ్చేసింది.

విట్బీలో సబీనా ఒక పడవవాడి వితంతువు, మిసెస్ హారన్ ఇంట్లో మేడ మీద గది తీసుకుంది. కిందంతా చేపల వాసన. కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. మొదటి రోజుల్లో పూర్తిగా తెరవడం మర్చిపోయి అరచెయ్యి మేరే తీసి వదిలేసేది. పొద్దున రేవు దాకా నడిచేది. హెర్రింగ్ చేపలు కోసే ఆడవాళ్ళు కత్తులు ఆడిస్తూనే ఒకళ్ళ మీద ఒకళ్ళు జోకులేసుకునేవారు. ఈమె దగ్గరికి రాగానే గొంతులు తగ్గించి, "నమస్కారం అమ్మగారూ" అనేవారు. రోజంతటికీ ఆమె విన్న మాటలు అవే అయిన రోజులున్నాయి. ఫెర్న్‌బీ హౌస్‌లో ఏ రాత్రీ లేనంత నిశ్శబ్దం ఆ గదిలో ఉండేది. లెటీ నుంచి ఏ కబురూ లేదు.

శరదృతువులో మిసెస్ హెస్లాప్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మిస్ లైల్ దగ్గుతో ఉన్నా బాగానే తింటోందట. ఇప్పుడు మిసెస్ వీల్ చదువుతోందట. మొగుళ్ళు మాట్లాడే పేజీలన్నీ వదిలేసి చదవడంతో ఎవరికీ కథ అర్థం కావడం లేదట. మిస్ లైల్ మాత్రం, ఇప్పుడే బాగుంది, ఇలాగే చదవమంటోందట.

సబీనాకి నవ్వొచ్చింది. ఒంటరిగా ఉన్న గదిలో, పైకి, పకపకా నవ్వేసింది. కళ్ళవెంట నీళ్ళు కూడా వచ్చాయి.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తలుపు మీద తట్టిన చప్పుడు. "ఎవరమ్మా లోపల? ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మిసెస్ హారన్.

సబీనా నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఉత్తరం గౌను మడతలో దాచేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది.

"ఎవరితోనూ కాదండీ. నవ్వొచ్చింది. అంతే."

"నవ్వొస్తే నవ్వండి, ఎవరొద్దన్నారు! చేపలు చల్లారిపోతున్నాయి, కిందికి రండి" అని ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.